బానిసగా పుట్టిన కవి - జార్జ్ మోజెస్ హార్టన్

ఈసారి గోడపత్రికకి ఒక గొప్పవారి జీవితం రాయమని సార్ చెప్పారు. గాంధీగారి గురించి, అల్లూరి గురించి ఎలాగూ మీరంతా రాస్తారు కదా అని నేను ఒక అమెరికా కవి గురించి రాస్తున్నాను.

హార్టన్ 1798 ప్రాంతంలో ఉత్తర కరొలీనా రాష్ట్రంలో పుట్టారు. పుట్టుకతోనే బానిస. అంటే ఆయన ఒంటికీ, కష్టానికీ యజమాని వేరే. చిన్నప్పుడు ఆవుల్ని కాసేవారు. బడి లేదు, పలక లేదు. చినిగిపోయిన పాత అక్షరాల పుస్తకం ఒకటి పట్టుకుని, ఆదివారాలూ రాత్రిళ్ళూ కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నారు. చదవడం వచ్చింది గాని రాయడం రాలేదు. అయినా పద్యాలు మనసులోనే కట్టి గుర్తుపెట్టుకునేవారు.

సెలవు రోజుల్లో పళ్ళు అమ్ముకోడానికి చాపెల్ హిల్ యూనివర్సిటీకి మైళ్ళకొద్దీ నడిచి వెళ్ళేవారు. అక్కడి విద్యార్థులు తాము ప్రేమించిన అమ్మాయిల మీద ఆయనచేత పద్యాలు చెప్పించుకునేవారు (నవ్వకండి!). అమ్మాయి పేరులోని ఒక్కో అక్షరంతో ఒక్కో పాదం మొదలయ్యేట్టు ఆయన చెబుతుంటే వాళ్ళు రాసుకునేవారు. పద్యానికి 25 సెంట్ల నుంచి 75 సెంట్ల దాకా ఇచ్చేవారు. తర్వాత తర్వాత యజమానికి రోజుకి 25 సెంట్లు కట్టి, పొలం పనికి పోకుండా తన రోజుని తనే కొనుక్కునేవారు.

ఒక ప్రొఫెసర్ గారి భార్య కరొలీన్ లీ హెంట్జ్ ఆయన పద్యాల్ని పత్రికకి పంపారు. 1829లో 'ది హోప్ ఆఫ్ లిబర్టీ' పుస్తకం అచ్చయింది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఒక నల్లజాతి మనిషి ప్రచురించిన మొదటి పుస్తకం అదే. ఆ డబ్బుతో విడుదల కొనుక్కోవాలని ఆశపడ్డారు. డబ్బు చాల్లేదు. 1832 ప్రాంతంలో, 30 ఏళ్ళు దాటాక, రాయడం నేర్చుకున్నారు. 1845లో రెండో పుస్తకం వచ్చింది. 1865లో అంతర్యుద్ధం ముగిసి స్వేచ్ఛ దొరికేసరికి ఆయనకి దాదాపు 67 ఏళ్ళు. ఆ ఏడే మూడో పుస్తకం కూడా వేశారు. ఆ తర్వాత ఫిలడెల్ఫియా వెళ్ళి ఉన్నారు.

ఈ శతాబ్దంలో అదే యూనివర్సిటీలో ఒక హాస్టల్‌కి ఆయన పేరు పెట్టారు. పళ్ళు అమ్ముకోడానికి వచ్చిన మనిషి పేరు మీద ఇప్పుడు పిల్లలు చదువుకుంటున్నారు.

నేను కూడా తొమ్మిదేళ్ళు వచ్చేదాకా ఆవుల వెనకే తిరిగాను. హాస్టల్లో చేరాక నాకంటే చిన్నపిల్లల పక్కన కూర్చుని అ ఆలు దిద్దడం సిగ్గేసి ఒకసారి పారిపోయాను (వార్డెన్ గారికి తెలుసు). హార్టన్ సంగతి అప్పుడే తెలిసుంటే పారిపోయేవాణ్ణి కాదు. కొత్తగా చేరిన తమ్ముళ్ళకి ఇది చదవడం రాకపోతే, మీలో ఎవరైనా చదివి వినిపించండి.

- 9వ తరగతి విద్యార్థి