లాల్‌బాగ్ అద్దాల మేడను నిలిపిన ఉద్యానవేత్త జాన్ కామెరాన్

తెలుగువారి వంటింట్లో బెంగళూరు వంకాయను ఎరుగనివారు అరుదు. అమెరికా ఖండానికి చెందిన ఆ కాయను బెంగళూరు నేలకు పరిచయం చేసిన ఘనతను ఉద్యానవేత్త జాన్ కామెరాన్‌కు ఆపాదిస్తారు. అయితే ఆయన పేరును చిరస్థాయిగా నిలిపినది లాల్‌బాగ్‌లోని అద్దాల మేడ.

లండన్‌లోని క్యూ ఉద్యానవనంలో శిక్షణ పొందిన కామెరాన్ 1874లో లాల్‌బాగ్ పర్యవేక్షణ బాధ్యతలు చేపట్టారు. హైదర్ అలీ కాలంలో రూపుదిద్దుకున్న ఆ తోట అప్పటికి 45 ఎకరాలు మాత్రమే. 1908 వరకు సాగిన తన హయాంలో ఆయన దానిని విశేషంగా విస్తరింపజేశారు. కెంపేగౌడ గోపురం ఉన్న శిలాగుట్ట 1891లో తోటలో చేరింది. పరదేశపు మొక్కలను తెప్పించి, అవి ఇక్కడి వాతావరణానికి తట్టుకుంటాయో లేదో పరీక్షించడం ఆయన నిత్యకృత్యం.

ఫల, పుష్ప ప్రదర్శనలకు శాశ్వత వేదిక కావాలన్న సంకల్పం ఆయన హయాంలోనే నెరవేరింది. మైసూరు మహారాజు పదవ చామరాజేంద్ర ఒడెయరు కాలంలో, 1889 నవంబరు 30న బ్రిటిష్ యువరాజు ఆల్బర్ట్ విక్టర్ శంకుస్థాపన చేశారు. లండన్ క్రిస్టల్ ప్యాలెస్ స్ఫూర్తితో రూపొందిన ఈ కట్టడానికి ఇనుప భాగాలు గ్లాస్గోలోని శారసెన్ ఫౌండ్రీలో పోతపోసుకుని ఓడల మీద వచ్చాయి. శీతల దేశాలలో అద్దాల మేడ వెచ్చదనాన్ని బంధించేందుకు ఉద్దేశించినది. బెంగళూరులో ఆ అవసరం లేదు. వెలుతురును రానిస్తూ ఎండవానల నుండి పూలను, ప్రేక్షకులను కాపాడడమే ఇక్కడ దాని పని.

కామెరాన్ అనంతరం ఈ నిర్మాణం కాలానుగుణంగా మారుతూ వచ్చింది. 1935లో దివాను మీర్జా ఇస్మాయిల్ హయాంలో, పర్యవేక్షకుడు హెచ్.సి. జవరాయ ఆధ్వర్యంలో తూర్పు భాగాన్ని పొడిగించారు. అందుకు వాడిన ఉక్కు భద్రావతి కర్మాగారానిది. పరదేశపు ఇనుముతో మొదలైన మేడ స్వదేశీ ఉక్కుతో విస్తరించడం విశేషం.

ఇటువంటి కట్టడాలకు మరమ్మతులే ప్రాణం. మాయాబందర్ వంటి ద్వీప పట్టణాలలో నివసించేవారికి ఉప్పుగాలి ఇనుమును ఎలా తినివేస్తుందో తెలుసు. సముద్రానికి దూరమైన బెంగళూరులోనూ వాననీరు నిలిచిన చోట తుప్పు తప్పదు. విడిభాగాలను బిగించి కట్టిన మేడ కనుక, చెడిన అద్దాన్నో కమ్మీనో మార్చి మిగిలినదానిని కాపాడుకోవచ్చు. అయితే ఆధునికత పేరిట పాత పోతపనిని తొలగిస్తే చరిత్ర మిగలదు. పాతదనం పేరిట ఉపేక్షిస్తే మేడే మిగలదు. పునరుద్ధరణకు పూనుకునేవారు ఈ రెంటి నడుమ దారి వెతుక్కోవలసి ఉంటుంది.

ఆదర్శంగా నిలిచిన క్రిస్టల్ ప్యాలెస్ 1936లో, అదే నవంబరు 30న, అగ్నికి ఆహుతైంది. లాల్‌బాగ్ మేడలో మాత్రం గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాల వేళ నేటికీ పూలు కొలువుదీరుతున్నాయి.