కాలేజీ గడప తొక్కని ఆళ్వారుస్వామి

గార్ల స్టేషనులో రైలెక్కి ఖమ్మం, వరంగల్లు, హైదరాబాదు కాలేజీలకు వెళ్లి చదువుకునే పిల్లలున్నారు. సెలవులకు వాళ్లు ఇంటికి వచ్చినప్పుడు పెద్దలు అడిగే మొదటి మాట ఏ కాలేజీ అని. ఏం చదువుతున్నావన్నది ఆ తరువాత. కాలేజీ పేరున్నదైతే కుర్చీ వేసి కూర్చోబెడతారు. మామూలు కాలేజీ అయితే తల ఊపి ఊరుకుంటారు. సంబంధాలు చూసే చోటా ఇదే లెక్క. ఈ లెక్క ప్రకారం చూస్తే కూర్చోమనే వారు కూడా దొరకని మనిషి ఒకాయన మన పొరుగునే, పాత నల్లగొండ జిల్లాలో పుట్టారు. ఆయన పేరు వట్టికోట ఆళ్వారుస్వామి.

నకిరేకల్ దగ్గరి చెరువు మాధారం ఆయన స్వగ్రామం. 1915 నవంబరు 1న జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బడికి పంపే స్తోమత ఇంట్లో లేదు. చదువు మీద ఆశ చావక ఒక ఉపాధ్యాయుని పంచన చేరి, ఆయనకు వంట చేసిపెడుతూ నాలుగక్షరాలు నేర్చుకున్నారు. ఆయన చదివిన బడి ఏదని ఎవరైనా అడిగితే ఆ వంటగదినే చూపించాలి.

తరువాత బెజవాడ చేరి హోటలులో సర్వరుగా పనిచేశారు. బల్లల మీద కాఫీ కప్పులు పెట్టిన చేతులే తీరిక దొరికితే గ్రంథాలయంలో పుస్తకాలు తిరగేశాయి. జాతీయోద్యమం ఊపు మీదున్న రోజులవి. ఆ గాలి ఆయనకూ సోకింది. కొన్నేళ్లకు సికింద్రాబాదు చేరుకున్నారు.

ఆనాటి నైజాము రాజ్యంలో చదవను రాయను వచ్చినవారు నూటికి పది మంది కూడా లేరు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. అక్కడ పై చదువులన్నీ ఉర్దూలోనే సాగేవి. ఆ డిగ్రీ చేతికొస్తే సర్కారు కొలువు, ఒంటి మీద షేర్వాణీ, ఊళ్లో సలాములు. చదువుకున్న వాళ్లకు కూడా తెలుగు నోట పలికితే మర్యాద దక్కేది కాదు. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని థియేటరులో జరిగిన సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకట రామారావు అనే వకీలు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేసి ఆపారు. ఆయన చదువుకు లోటు లేదు, మాట్లాడిన భాషే ఆయనకు నేరమైంది. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. వకీలుకే అంత జరిగితే, తెలుగు తప్ప దిక్కులేని హోటలు సర్వరు సంగతి వేరే చెప్పాలా?

సికింద్రాబాదులో ఆళ్వారుస్వామికి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దే పని దొరికింది. 1926లో ఆ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డి గారు మద్రాసులో చదువుకున్న న్యాయవాది. ప్రూఫు దిద్దడం కళ్లు పోయే పని, పేరు రాని పని. అయితే పండితులు, పట్టభద్రులు రాసిన వ్యాసాలు అచ్చు కాకముందే ఆ బల్ల మీదికి రావాలి. ఒత్తు తప్పినా, దీర్ఘం జారినా పట్టుకోవాలి. ఆయనకు కాలేజీ ఏదైనా ఉందంటే అది ఆ ప్రూఫుల బల్లే.

1938వ సంవత్సరం గుర్తుంచుకోదగ్గది. వందేమాతరం పాడినందుకు ఉస్మానియా విద్యార్థులను ఆ ఏడాది విశ్వవిద్యాలయం నుంచి వెళ్లగొట్టారు. పి.వి. నరసింహారావు గారి వంటి వారు నాగపూరు పోయి చదువు పూర్తి చేసుకున్నారు. అదే ఏడాది, ఏ పట్టా లేని ఆళ్వారుస్వామి సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాల ప్రారంభించారు. చేతిలో పెట్టుబడి లేదు. పుస్తకం రాయించడం, అచ్చు వేయించడం, అమ్మడం అన్నీ తానే. పుస్తకాల మూట మోసుకుని ఊరూరా తిరిగి అమ్మేవారు. అలా ముప్పైకి పైగా పుస్తకాలు వెలువరించారు. తెలంగాణం పేరుతో వేసిన వ్యాస సంపుటాలలో ఈ ప్రాంతపు సమస్యల మీద చదువుకున్న పెద్దల చేత రాయించారు. డిగ్రీలున్న వారు రాసి ఇస్తే, డిగ్రీ లేని ఆయన వాటిని జనానికి చేర్చారు. ఆ రాతలు అచ్చు మొహం చూడటానికి ఆయన మోసిన మూటలే దారి.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆళ్వారుస్వామి కాలేజీ చదువును ఏనాడూ తక్కువ చేయలేదు. చదువు విలువ తెలియనివాడైతే పుస్తకాలు ఎందుకు మోస్తారు? తనకు అందనిది ఊరికి అందాలని ఆయన పట్టుదల. చదువు అక్కరలేదనడానికి ఆయన పేరు వాడుకునేవారు ఆయనను సరిగా ఎరగరు.

ఆంధ్ర మహాసభలోను, గుమాస్తాల, రిక్షా కార్మికుల సంఘాలలోను పనిచేశారు. 1942 క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో జైలుకు వెళ్లారు. మళ్లీ 1946లో అరెస్టయి 1951 దాకా ఒక జైలు నుంచి మరో జైలుకు మారుతూ గడిపారు. 1948 సెప్టెంబరులో నైజాము ప్రభుత్వం పోయినా ఆయనకు జైలు తప్పలేదు.

నిజామాబాదు జైలులో ఆయనకు తోడుగా మన చినగూడూరు బిడ్డ దాశరథి కృష్ణమాచార్య ఉన్నారు. దాశరథికి అప్పటికి ఇరవై రెండేళ్లు, ఆళ్వారుస్వామికి ముప్పై రెండు. దాశరథి తండ్రి సంస్కృత పండితుడు, ఇంట్లోనే విద్య ఉంది. ఉర్దూలో మెట్రిక్, ఆపైన ఉస్మానియాలో బి.ఏ. దాకా చదివారు. కాగితం, కలం ఇవ్వని చోట ఆయన జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. ఆ పద్యాలు పుట్టినప్పుడు పక్కనున్నది ఆళ్వారుస్వామి. 1949లో అగ్నిధార కావ్యం వెలువడినప్పుడు దాశరథి దానిని ఏ నవాబుకో, ఏ పండితుడికో ఇవ్వక ఆళ్వారుస్వామికి అంకితం చేశారు. తరువాతి కాలంలో విశ్వవిద్యాలయాలు దాశరథిని గౌరవ పట్టాలతో సత్కరించాయి, 1977లో ఆస్థాన కవి పదవి వచ్చింది. అంత కవి తొలి కావ్యం అందుకున్నది ఒకప్పటి హోటలు సర్వరు.

జైలు ఆళ్వారుస్వామి చేత కథలు రాయించింది. జైలు లోపల అనే సంపుటిలో దొంగలు, నేరస్థులు కనిపిస్తారు. వాళ్లను ఆ స్థితికి తెచ్చినదేమిటో ఆయన ఓపికగా చూశారు. పరిసరాలు, అవకాశమిస్తే అనే కథల పేర్లు చూసినా ఆయన మనసు తెలుస్తుంది. మనిషి మీద ముద్ర వేసి పక్కన పెట్టడం ఆయన వల్ల కాలేదు. ఆ ముద్ర తన మీదా పడింది కదా.

ప్రజల మనిషి నవల ఆయనకు పెద్ద పేరు తెచ్చింది. దొర రామభూపాలరావు గడి కింద నలిగే దిమ్మెగూడెం, వెట్టిచాకిరీ, ఆంధ్ర మహాసభ రాకతో ఊళ్లో వచ్చిన కదలిక అందులో ఉన్నాయి. ప్రజల కోసం నిలబడే కంఠీరవం ఏ పట్టాతోనూ ఊరివారి నమ్మకం సంపాదించలేదు. వారి కష్టాల్లో పాలుపంచుకునే సంపాదించాడు. నైజాము పల్లె ఎలా ఉండేదో తెలుసుకోగోరేవారు ఈ నవల చదివితే చాలు, గార్ల ప్రాంతపు ముసలివారు చెప్పే సంగతులు అందులో కళ్లకు కడతాయి.

తెలంగాణ ప్రజల కథను వరుస నవలలుగా రాయాలని ఆయన సంకల్పం. రెండవదైన గంగు పూర్తి కాకముందే, 1961 ఫిబ్రవరి 5న, 45 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆ నవల ఆయన పోయిన తరువాతనే అచ్చయింది. ఆస్తి కూడబెట్టలేదు. బతికుండగా ఆయనకు దక్కిన దానికంటే పోయాక దక్కిన గౌరవమే ఎక్కువ. కాలేజీ గడప తొక్కని ఆయన నవలల మీద విశ్వవిద్యాలయాల్లో పరిశోధనలు జరిగాయి.

ఆయన సగంలో వదిలిన పనిని చినగూడూరులోనే పుట్టిన దాశరథి తమ్ముడు రంగాచార్య తలకెత్తుకున్నారు. చిల్లర దేవుళ్లు, మోదుగుపూలు, జనపదం నవలలు ఆ వరుసలో వచ్చినవే.