గాజు తొట్టిలో సముద్రాన్ని నిలిపిన గాస్

చేపల తొట్టి పెట్టాలనుకునే చాలామంది దుకాణానికి వెళ్లి కంటికి నచ్చినవన్నీ కొనేస్తారు. వారం తిరక్కుండానే అవి ఒక్కొక్కటిగా చచ్చి తేలుతుంటే కారణం తెలియక బాధపడతారు. తొట్టిలో ఏ జీవికి ఏది తోడు, ఏది శత్రువు అని నూట డెబ్బై ఏళ్ల కిందటే ఓపికగా గమనించి చెప్పిన వ్యక్తి ఫిలిప్ హెన్రీ గాస్. ఆ తొట్టికి అక్వేరియం అనే పేరును జనంలోకి తెచ్చిందీ ఆయనే. ఈసారి ఆయన జీవితం గురించి తెలుసుకుందాం.

గాస్ 1810లో ఇంగ్లండ్‌లోని వూస్టర్‌లో పుట్టారు. తండ్రి ఊరూరా తిరిగి చిన్న చిన్న బొమ్మలు గీసి అమ్మే చిత్రకారుడు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. పూల్ అనే రేవు పట్టణంలో పెరిగిన ఆ పిల్లవాడికి సముద్రపు జీవుల మీద ఆసక్తి కలిగించింది మేనత్త. రాళ్లకు అంటుకుని పువ్వులా విచ్చుకునే సీ ఎనిమోన్‌లను సముద్రపు నీళ్లలో ఉంచి చూడమని ఆమె చెప్పింది.

చదువు మధ్యలోనే ఆపి గాస్ గుమాస్తాగా చేరారు. 1827లో ఓడెక్కి న్యూఫౌండ్‌లాండ్ వెళ్లి అక్కడా లెక్కలే రాశారు. తీరిక దొరికితే పురుగులను పట్టి, చూసి, బొమ్మలు గీసేవారు. తర్వాత కెనడాలో వ్యవసాయం చేసి నష్టపోయారు. అమెరికాలోని అలబామాలో కొన్ని నెలలు బడిపంతులుగా పనిచేశారు. 1839లో దాదాపు ఖాళీ చేతులతో స్వదేశం చేరారు. కానీ అన్నాళ్లూ గమనించి రాసుకున్నదంతా ఆయన వెంటే ఉంది. దానితోనే పుస్తకాలు రాయడం మొదలుపెట్టారు. 1844లో జమైకా వెళ్లి, అక్కడి పక్షుల మీద రాసిన పుస్తకంతో పేరు పొందారు.

1852లో ఆరోగ్యం దెబ్బతినడంతో భార్య ఎమిలీ, చిన్న కొడుకు ఎడ్మండ్‌తో కలిసి డెవన్ సముద్రతీరానికి వెళ్లారు. సముద్రపు జీవులను ఇంట్లో ఎక్కువ కాలం బతికించడం ఎలా అన్న ప్రశ్న అక్కడ ఆయనను పట్టుకుంది. నీళ్లను తరచూ మార్చడం అందరికీ కుదిరే పని కాదు. అంతకు రెండేళ్ల ముందు, 1850లో, రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త మంచినీటి తొట్టితో ఒక దారి చూపారు. ఆయన బంగారు చేపలతో పాటు ఒక నీటిమొక్కను పెట్టారు. మొక్క చేపలకు ప్రాణవాయువునిచ్చింది. కానీ కుళ్లిన ఆకులతో నీళ్లు పాడయ్యాయి. అప్పుడు నత్తలను వేశారు. అవి కుళ్లును తినేయడంతో నీళ్లు తేటపడ్డాయి.

గాస్ ఇదే పద్ధతిని సముద్రపు నీటిలో సాధించారు. ముందుగా పచ్చని సముద్రపు నాచు ఉండాలి. జిగురు వదిలే పెద్ద నాచులు పనికిరావు. గాజు మీద పాకుడు పట్టకుండా చిన్న నత్తలు కావాలి. ఆకలిగొన్న పీతకూ మెత్తటి జీవులకూ ఒకే చోట పొత్తు కుదరదు. వెలుతురు కావాలి కానీ నీళ్లు వేడెక్కకూడదు. చచ్చిన జీవిని వెంటనే తీసేయాలి. తొట్టి నిండా జీవులను కుక్కకూడదు. సముద్రానికి దూరంగా ఉండేవారి కోసం 1854లో నాలుగు రకాల లవణాలు కలిపి కృత్రిమ సముద్రపు నీటిని కూడా తయారుచేశారు.

1853లో లండన్ జూలో చేపల శాల తెరిచినప్పుడు అందులోని జీవులు చాలావరకు ఆయన సేకరించినవే. మరుసటి ఏడాది వచ్చిన ఆయన పుస్తకం ‘ది అక్వేరియం’ను జనం ఎగబడి కొన్నారు. రంగు బొమ్మలు కూడా ఆయన గీసినవే. ఇంటింటా గాజు తొట్టెలు వెలిశాయి. 1857లో ఎమిలీ క్యాన్సర్‌తో కన్నుమూశారు. గాస్ కొడుకుతో డెవన్‌లోనే స్థిరపడి, సీ ఎనిమోన్‌ల మీద పెద్ద గ్రంథం పూర్తిచేశారు. 1888లో మరణించారు.

అయితే ఆయన విజయానికి మరో ముఖం ఉంది. పుస్తకం చదివినవారు బుట్టలు, ఉలులు పట్టుకుని తీరానికి బారులు తీరారు. రాళ్ల మధ్య గుంటల్లో తరతరాలుగా బతికిన జీవులను ఊడబెరికి తీసుకెళ్లారు. కొన్నేళ్లకే ఆ గుంటలు బోసిపోయాయి. తాను ప్రేమించిన తీరం తన రాతల వల్లే పాడయిందని గాస్ ఎంతో నొచ్చుకున్నారని ఎడ్మండ్ తర్వాత రాశారు.

మనం బడిలో గానీ ఇంట్లో గానీ తొట్టి పెట్టేముందు ఈ రెండు పాఠాలూ గుర్తుంచుకోవాలి. బంగారు చేప బాగా పెరుగుతుంది, నీళ్లను త్వరగా మురికి చేస్తుంది. చిన్న గాజు గిన్నె దానికి చాలదు. మగ ఫైటర్ చేపలు రెండింటిని కలిపి ఉంచితే కొట్టుకుని చస్తాయి. పెంచలేకపోతే అమ్మినవారికి తిరిగివ్వాలి గానీ చెరువులో వదలకూడదు. ఆంధ్ర రైతులు దెయ్యం చేప అని తిట్టుకునే సకర్ చేప అక్వేరియం వ్యాపారంతో వచ్చి చెరువుల్లో చేరినదే. ఏ జీవిని తెస్తున్నామో, ఎక్కడి నుంచి తెస్తున్నామో, ఎన్నాళ్లు చూసుకోగలమో ముందే ఆలోచిద్దాం.