సింగర్ కథ, మన మిషను కథ

తొక్కుడు మిషను తెలియని తెలుగు ఇల్లు ఉండదేమో! వంకీల ఇనుప స్టాండు మధ్యలో ‘సింగర్’ అన్న అక్షరాలు చూసే ఉంటారు. ఆ సింగర్ ఎవరో, ఎలా బతికాడో మాత్రం మనలో చాలామందికి తెలీదు. మా అమ్మమ్మ మిషను నా వాటాకి వచ్చి, దాని షటిల్ కోసం నాలుగు షాపులు తిరిగాక నాకు ఆయన సంగతి తెలుసుకోవాలనిపించింది.

ఐజాక్ మెరిట్ సింగర్ 1811లో అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. పన్నెండేళ్ళకే ఇల్లు వదిలి అన్న దగ్గరకు చేరాడు. చేతిపని నేర్చాడు గానీ మనసంతా నాటకాల మీదే. 1839లో రాళ్ళకు తొలిచే యంత్రం కనిపెట్టి, దాన్ని 2,000 డాలర్లకు అమ్మి, ఆ డబ్బుతో నాటక కంపెనీ పెట్టాడు. అదీ కరిగిపోయింది.

1850లో బోస్టన్‌లో ఓ వర్క్‌షాపులో రిపేరుకొచ్చిన కుట్టు మిషను ఆయన కంటబడింది. 40 డాలర్లు అప్పు తీసుకుని, దానికంటే మెరుగైనది తయారుచేశాడు. 1851 ఆగస్టులో పేటెంటు వచ్చింది. సూది నిటారుగా పైకీ కిందికీ ఆడుతుంది, గుడ్డ బల్లమీద పరుచుకుంటుంది, కాలితో తొక్కితే రెండు చేతులూ గుడ్డ మీదే ఉంటాయి. మనం ఇవాళ కూడా కుడుతున్నది ఆ పద్ధతిలోనే కదా!

అయితే మొనదగ్గర కన్నం ఉన్న సూదితో, షటిల్‌తో కుట్టు వేసే పద్ధతికి ఎలియాస్ హోవ్ 1846లోనే పేటెంటు తీసుకున్నాడు. ఆయన కోర్టుకెళ్తే సింగర్ డబ్బు కట్టక తప్పలేదు. 1856లో పెద్ద కంపెనీలన్నీ ఒకటై పేటెంట్లు కలిపేసుకున్నాయి. మిషను ఖరీదు 100 డాలర్ల పైమాటే. మామూలు కుటుంబాలు ఎక్కడ కొనగలవు? ఆ ఏడాదే భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ వాయిదాల పద్ధతి పెట్టాడు. దాంతో మిషను మధ్యతరగతి ఇళ్ళకూ చేరింది.

ఇక ఇంటి సంగతి చెబితే మనసు చివుక్కుమంటుంది. భార్య కష్టం చూడలేక సింగర్ మిషను కనిపెట్టాడన్న కథ గాంధీగారు కూడా 1924లో చెప్పారు. ఆ కథకు ఆధారం లేదు. 1830లో పెళ్ళాడిన భార్యను వదిలేశాడు. మేరీ ఆన్ స్పాన్స్‌లర్ అనే ఆవిడతో కాపురం పెట్టి, పదిమంది పిల్లల్ని కన్నా, పెళ్ళి మాత్రం చేసుకోలేదు. పేదరికంలో నాటకాల్లో ఆయన పక్కన వేషాలు వేసింది ఆవిడే. 1860లో ఆయన మరొకామెతో బండిలో వెళ్తుంటే నడివీధిలో చూసి కేకలు పెట్టింది. ఇంటికొచ్చాక కొట్టాడు. ఆవిడ ఊరుకోలేదు, కేసు పెట్టి అరెస్టు చేయించింది. ఆయన యూరప్ వెళ్ళిపోయాడు. 1863లో ఇజబెల్లా బోయర్‌ను పెళ్ళాడి, చివరికి ఇంగ్లండులోని పేంటన్‌లో స్థిరపడి, 1875 జూలైలో కన్నుమూశాడు. వేర్వేరు స్త్రీల వల్ల ఆయనకు 20 మందికి పైగా పిల్లలు.

ఆయన మిషను ఎందరో స్త్రీలకు అన్నం పెట్టింది. ఆయన వల్ల ఇంట్లో ఆడవాళ్ళు ఏడ్చారు. రెండూ నిజాలే. మిషను మేలు ఒప్పుకుంటూనే మేరీ ఆన్‌ను కూడా తలచుకోవడం న్యాయమని నాకనిపిస్తుంది.

సింగర్ బతికున్న రోజుల్లో భాగాలను ఆకురాయితో అరగదీసి, ఏ మిషనుకు ఆ మిషనుగా సరిపెట్టేవారు. ఒకదాని భాగం ఇంకోదానికి అచ్చుగుద్దినట్టు అమరడం ఆయన పోయాక, 1880ల్లో గానీ కుదరలేదు. మనకిప్పుడు పాత మిషనుకు కూడా భాగాలు దొరుకుతున్నాయంటే ఆ మార్పు వల్లే.

మీ ఇంట్లోనూ పాత సింగర్ ఉంటే ఇలా చూడండి. బల్లమీద ఇనుప దిమ్మె మీద చెక్కిన నంబరు రాసుకోండి. మోడల్, తయారైన ఏడాది దాన్నిబట్టే తెలుస్తాయి. బాబిన్ గుండ్రంగా, బాబిన్ కేసులో కూర్చునేదైతే అది చాలావరకు 15 రకం. ఉషా వంటి నల్ల మిషన్లదీ అదే నమూనా కనుక బాబిన్, బాబిన్ కేసు తేలిగ్గా దొరుకుతాయి. బాబిన్ సన్నగా పొడుగ్గా ఉండి, పడవలాంటి షటిల్‌లో పడుకుంటే అది 27, 28, 127, 128 రకాల్లో ఒకటి కావచ్చు. వాటి బాబిన్, షటిల్ వేరు. గుండ్రం బాబిన్ దానికి పనికిరాదు. సూది మాత్రం ఈ రెండు రకాలకీ మామూలుగా దొరికే ఒకవైపు చదునుగా ఉన్నదే. అంతకన్నా పాత మిషన్లకు సూదులే వేరు. తోలు బెల్టును కొలిచి కోయించుకోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, అరిగిన భాగాన్ని పారేయకుండా షాపుకు పట్టుకెళ్ళండి. పక్కన పెట్టి చూసి కొనండి. పాతసామాన్ల వాడికి తూకానికి అమ్మేముందు ఒక్కసారి నూనె వేసి తొక్కి చూడండి మరి!