కణం శ్వాసను కొలిచిన ఓటో వార్‌బర్గ్

క్యాన్సర్ కణితిలోకి చేరిన రోగనిరోధక కణాలు అక్కడ ఎందుకు శక్తి కోల్పోతాయన్నది నేటి వైద్య పరిశోధనలో కీలకమైన ప్రశ్న. దానికి లభిస్తున్న సమాధానాల్లో ఒకదాని మూలం వందేళ్ల నాటి బెర్లిన్ ప్రయోగశాలలో, ఓటో వార్‌బర్గ్ పరిశీలనలో ఉంది.

వార్‌బర్గ్ 1883 అక్టోబరు 8న జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో జన్మించారు. తండ్రి ఎమిల్ వార్‌బర్గ్ పేరొందిన భౌతిక శాస్త్రవేత్త. ఓటో 1906లో రసాయన శాస్త్రంలోనూ, 1911లో వైద్యశాస్త్రంలోనూ డాక్టరేట్లు పొందారు. మొదటి ప్రపంచ యుద్ధంలో అశ్వికదళంలో పనిచేశారు. యుద్ధం ముగియవచ్చిన దశలో, ప్రయోగశాలకు తిరిగి రావాలని కోరుతూ ఐన్‌స్టీన్ ఆయనకు లేఖ రాశారు.

కణజాలపు పలుచని ముక్కలు ఎంత ప్రాణవాయువును వినియోగిస్తాయో కొలిచే పద్ధతిని వార్‌బర్గ్ తీర్చిదిద్దారు. ప్రాణవాయువు అందుబాటులో ఉన్నా, కణితి కణాలు గ్లూకోజును పెద్దమొత్తంలో లాక్టిక్ ఆమ్లంగా మారుస్తున్నాయని 1920వ దశకంలో గుర్తించారు. ఇదే వార్‌బర్గ్ ప్రభావంగా ప్రసిద్ధి చెందింది. శ్వాసక్రియకు తోడ్పడే ఎంజైముపై చేసిన కృషికి 1931లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

తండ్రి వైపు యూదు మూలాలున్నప్పటికీ ఆయన నాజీల పాలనలోనూ జర్మనీని వీడలేదు. 1941లో పదవి నుంచి తొలగించినా, కొద్ది వారాల్లోనే పరిశోధన కొనసాగించేందుకు అనుమతి లభించింది. దేశం వీడకపోవడంపై తరువాతి కాలంలో విమర్శలు వచ్చాయి.

కణశ్వాస దెబ్బతినడమే క్యాన్సర్‌కు మూలకారణమని వార్‌బర్గ్ చివరి వరకు విశ్వసించారు. అయితే అనేక క్యాన్సర్ కణాల్లో శ్వాసక్రియ సక్రమంగానే సాగుతోందని అనంతర పరిశోధనలు తేల్చాయి. ఆయన నిర్ధారణ నిలవకపోయినా, ఆయన గమనించిన వాస్తవం నిలిచింది. కణితులు గ్లూకోజును అధికంగా గ్రహించే లక్షణం ఆధారంగానే నేడు పెట్ స్కాన్ అనేక క్యాన్సర్ల జాడను పట్టిస్తోంది.

ఆ వాస్తవానికి మరో కోణమూ ఉంది. క్యాన్సర్‌తో పోరాడే టీ కణాలు ఉత్తేజితమై వృద్ధి చెందాలంటే వాటికీ గ్లూకోజు అవసరం. కణితిలో దానిని క్యాన్సర్ కణాలు ముందుగా కాజేస్తే టీ కణాలకు కొరత ఏర్పడుతుంది. పోగుపడిన లాక్టిక్ ఆమ్లం పరిసరాలను ఆమ్లమయం చేసి, వాటి దాడి సామర్థ్యాన్ని మరింత తగ్గిస్తుంది. రోగనిరోధక స్పందనను అణచే నియంత్రక టీ కణాలు మాత్రం అదే లాక్టిక్ ఆమ్లాన్ని ఇంధనంగా వాడుకోగలవు. ఫలితంగా కణితికి రక్షణ లభిస్తుంది. ఇమ్యునోథెరపీ కొందరు రోగుల్లో పనిచేయకపోవడానికి ఇదీ ఒక కారణమని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

1970 ఆగస్టు 1న బెర్లిన్‌లో వార్‌బర్గ్ కన్నుమూశారు. కణితి పరిసరాలను మార్చి రోగనిరోధక కణాలకు తిరిగి బలం చేకూర్చే మార్గాల కోసం పరిశోధనలు నేటికీ కొనసాగుతున్నాయి.