పెన్సిల్ పట్టి చదివిన మహనీయుడు

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ అనగానే మనకు రాజ్యాంగం గుర్తుకు వస్తుంది. ఏటా ఏప్రిల్ 14న ఆయన ఫోటోకు దండ వేస్తాము, ఉపన్యాసాలు ఇస్తాము. ఆయన ఎంత చదివారో అందరూ చెబుతారు. ఎలా చదివారో చెప్పేవారు తక్కువ. మనలాంటి హాస్టల్ విద్యార్థులకు కావలసింది ఆ రెండవదే.

అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మౌ పట్టణంలో జన్మించారు. తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. సతారా బడిలో చిన్నారి భీమ్‌రావ్ తన గోనెపట్టా తానే తెచ్చుకుని, మిగతా పిల్లలకు దూరంగా కూర్చోవలసి వచ్చేది. హైస్కూల్లో సంస్కృతం చదవాలని ఆశపడితే అంటరానివాడని నేర్పలేదు. చేసేది లేక పర్షియన్ తీసుకున్నారు. కాని వదలలేదు, తరువాత సొంత కృషితో సంస్కృతం నేర్చుకున్నారు. ఏ గ్రంథాలు తనకు అందకూడదన్నారో ఆ గ్రంథాలనే ఏళ్ల తరబడి పరిశీలించి, 1946లో శూద్రుల పుట్టుక గురించి పుస్తకం రాశారు.

బొంబాయిలోని పరేల్‌లో ఆ కుటుంబానికి ఒక్కటే గది. పగలు చదువుకునే వీలు లేదు. అందుకే రాత్రి త్వరగా పడుకునేవారు. తెల్లవారుజామున రెండు గంటలకు తండ్రి లేపితే, అందరూ నిద్రలేచే దాకా చదివేవారు. 1907లో మెట్రిక్యులేషన్, 1912లో బి.ఏ. పాసయ్యారు.

బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో చేరారు. అక్కడ 1916 మే నెలలో భారతదేశంలో కులాల గురించి ఒక పత్రం సమర్పించారు. అప్పటికి ఆయన వయసు 25 ఏళ్లు. సెనార్ట్, నెస్‌ఫీల్డ్, రిస్లీ, కేత్కర్ అనే నలుగురు పండితులు కులానికి ఇచ్చిన నిర్వచనాలను అందులో ఒక్కొక్కటిగా పరీక్షించారు. ఎవరు ఎక్కడ సరిగా చెప్పారు, ఎక్కడ పొరపడ్డారు అని తేల్చారు. తమ కులంలోనే పెళ్లి చేసుకోవాలన్న కట్టుబాటే కులానికి మూలమని సొంత అభిప్రాయం చెప్పారు. మనమైతే ఆ నాలుగు నిర్వచనాలను బట్టీ పట్టి పరీక్షలో రాసి వచ్చేవాళ్లం!

కొలంబియాలో ఆయనకు పాఠం చెప్పిన గురువులలో జాన్ డ్యూయీ ఒకరు. 1916లో వెలువడిన డ్యూయీ గ్రంథం 'డెమోక్రసీ అండ్ ఎడ్యుకేషన్'ను అంబేద్కర్ ఎరుపు, నీలం పెన్సిళ్లతో గీతలు గీస్తూ చదివారు. గీతలు గీసి ఊరుకోలేదు. ఇరవై ఏళ్ల తరువాత, 1936లో, 'కుల నిర్మూలన' రాసేటప్పుడు డ్యూయీ ఆలోచనలను మన సమాజానికి అన్వయించి చూపారు.

1917లో స్కాలర్‌షిప్ గడువు ముగిసి లండన్ చదువు మధ్యలోనే ఆగింది. వేరే ఓడలో పంపిన పుస్తకాలు యుద్ధంలో ఆ ఓడతోపాటు సముద్రం పాలయ్యాయి. 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీ తెరిచేసరికి వెళ్లి, మూసే దాకా నోట్సు రాసుకునేవారు. అర్ధాకలితో చదివి 1923లో డి.ఎస్సీ. పట్టా సాధించారు.

ఈ చదువంతా ఆయన తన కోసమే దాచుకోలేదు. 1924లో స్థాపించిన బహిష్కృత హితకారిణి సభ మరుసటి ఏడే షోలాపూర్‌లో వెనుకబడిన విద్యార్థులకు హాస్టల్ తెరిచింది. దాదర్‌లో కట్టించుకున్న 'రాజగృహ'లో పుస్తకాలకే పెద్ద చోటు కేటాయించారు. 1947 ఆగస్టు 29న రాజ్యాంగ ముసాయిదా సంఘం ఏర్పడి, ఆయన అధ్యక్షులయ్యారు. అనేక దేశాల రాజ్యాంగాలు చదివి, మనకు ఏది పనికివస్తుందో, ఏది పనికిరాదో సభలో వివరించగలిగారు. 1956 డిసెంబర్ 6న కన్నుమూసే వరకు చదువుతూ, రాస్తూనే ఉన్నారు.

మిత్రులారా! మనలో చాలామందిమి మన ఇళ్లలో డిగ్రీ మెట్లు ఎక్కిన మొదటివాళ్లం. ఇంటి దగ్గర అడిగి తెలుసుకోవడానికి ఎవరూ లేరు. గైడ్లు, బిట్ బ్యాంకులే దిక్కనుకుంటాము. అవి పాసు మార్కులు తెచ్చిపెట్టవచ్చు. కాని ఇంటర్వ్యూలో ఎందుకు అని ఒక్క ప్రశ్న అడిగితే నోరు పెగలదు. అందుకే బాబాసాహెబ్ జీవితం నుంచి నాలుగు అలవాట్లు నేర్చుకుందాం.

పాఠం తెరవక ముందే, ఇందులో నాకు ఏమి తెలియాలి అని ఒక ప్రశ్న రాసుకుందాం. మన సొంత పుస్తకమైతే ముఖ్యమైన మాట కింద గీత గీద్దాం. లైబ్రరీ పుస్తకమైతే నోట్‌బుక్‌లో పేజీ నంబరుతో రాసుకుందాం. పాఠం పూర్తికాగానే పుస్తకం మూసి, అర్థమైనది సొంత మాటల్లో ఐదు వాక్యాలు రాద్దాం. అదే విషయం మరో పుస్తకంలో ఎలా ఉందో పోల్చి, స్టడీ అవర్‌లో పక్క మిత్రునికి చెబుదాం. చెప్పలేకపోయిన చోటే మనకు అర్థం కాని చోటు. అక్కడ మళ్లీ చదువుదాం.

దీనికి డబ్బు అక్కరలేదు. ఒక పెన్సిల్, ఒక నోట్‌బుక్, ప్రశ్నించే ధైర్యం చాలు. ఆయన ఫోటోకు దండ వేసే అర్హత మనకు అప్పుడే వస్తుంది.

జై భీమ్!