నరకం భయం లేని మంచితనం

ఎనిమిదో తరగతిలో ఒక మధ్యాహ్నం మా తెలుగు మాస్టారు యమలోకంలో పాపులకు పడే శిక్షలు చెబుతున్నారు. సలసల కాగే నూనె అనగానే ముందు బెంచీలో వాళ్లు బిగుసుకుపోయారు. నేను లేచి, నరకమే లేకపోతే మనిషి మంచిగా ఎందుకుండాలని అడిగాను. క్లాసంతా నవ్వింది. నుదుట విభూతి చెరగని మాస్టారు మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. వారం తర్వాత గోరా గారి గురించిన పాత పుస్తకం ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టారు.

గోరా అంటే గోపరాజు రామచంద్రరావు. 1902 నవంబరు 15న, ఈనాటి ఒడిశాలోని ఛత్రపురంలో, సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం చదివి మదురై, కోయంబత్తూరు, కొలంబో, కాకినాడల్లో పాఠాలు చెప్పారు. దేన్నైనా పరీక్షించి చూడటం ఆయన స్వభావం. దెయ్యాలున్నాయని పేరుపడ్డ ఇంట్లో కాపురం పెట్టారు. భార్య సరస్వతి గారు గర్భిణిగా ఉండగానే గ్రహణం చూశారు. ఇద్దరికీ ఏమీ కాలేదు.

అసలు శిక్షలు మనుషుల నుంచే వచ్చాయి. జంధ్యం తీసేసినందుకు తండ్రి ఇంట్లోంచి పంపించేశారు. కులం వెలివేసింది. నాస్తికుడన్న కారణంతో 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీ ఉద్యోగం పోయింది. పిల్లలున్న సంసారం. నమ్ముతున్నానని ఒక్క మాట అంటే జీతం నిలిచేది. ఆ మాట ఆయన అనలేదు. తర్వాత బందరు హిందూ కాలేజీలో పనిచేసి, 1940లో ఉద్యోగమే వదిలేసి కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. వయోజనులకు చదువు, అన్ని కులాలవాళ్లకూ సహపంక్తి భోజనాలు ఆ కేంద్రం పనులు. 1947లో కేంద్రం విజయవాడకు మారింది.

1944లో సేవాగ్రాంలో గాంధీజీని కలిశారు. నాస్తికత్వం ఎందుకన్న చర్చలో గోరా గారు బెంగాల్ కరువు ప్రస్తావించారు. కలకత్తా వీధుల్లో తిండి నిండిన దుకాణాల పక్కనే జనం ఆకలితో ప్రాణాలు వదిలారు. పోయేవాడు నా రాత అనుకున్నాడు, చూసేవాడు వాడి రాత అనుకున్నాడు. రాత మీదికి నెట్టేస్తే చెయ్యి కదలదన్నది గోరా గారి వాదన. ఆయనకు నరకం ఇక్కడే ఉంది, దాన్ని ఆర్పాల్సిన వాళ్లూ ఇక్కడివాళ్లే. గాంధీజీ తన ఆస్తికత్వాన్ని వదల్లేదు, ఈ నాస్తికుణ్ణీ వదల్లేదు. గోరా గారి పెద్దమ్మాయి మనోరమ గారికి అంటరానివాళ్లుగా చూసిన కులానికి చెందిన అర్జునరావు గారితో పెళ్లి నిశ్చయమైతే, దాన్ని సేవాగ్రాంలో జరిపించడానికి ఒప్పుకున్నారు. దేవుడి పేరు బదులు సత్యం పేరున జరగడానికీ సమ్మతించారు. పెళ్లి నాటికి ఆయన లేరు. 1948లో అది అక్కడే జరిగింది. 1960లో కొడుకు లవణం గారు కవి జాషువా గారి కుమార్తె హేమలత గారిని పెళ్లాడారు. ఇతరులకు చెప్పిన మాట ఆ ఇంట్లోనూ అమలైంది. 1975 జూలై 26న విజయవాడలో ఒక సభలో మాట్లాడుతూనే గోరా గారు కన్నుమూశారు.

చిన్నప్పుడు ఇదంతా ఒక కథలా చదివాను. మా నాన్నగారు పోయినప్పుడు మళ్లీ అక్కరకొచ్చింది. ఆ పది రోజులూ ఇంట్లో గరుడ పురాణం చదివించారు. నరకాల ఘట్టం అయిన రాత్రి అమ్మ నన్ను పక్కకు పిలిచి, ఆయన ఏనాడూ గుడి మెట్లెక్కలేదు కదరా, అక్కడ ఏం చేస్తారో అని కన్నీళ్లు పెట్టుకుంది. ఇంజనీరుని, లెక్కలు తప్ప ఓదార్పు మాటలు రావు. గోరా గారి కథ చెప్పాను. మన పక్కింటి ముసలాయనకు నాన్న రెండేళ్లపాటు రోజూ పొద్దున్నే వెళ్లి ఇన్సులిన్ ఇంజెక్షన్ చేసింది పుణ్యం కోసం కాదు కదమ్మా అన్నాను. అమ్మకు నమ్మకం పోలేదు. పోవాలని నేనూ కోరుకోలేదు. ఆ రాత్రి మాత్రం నిద్రపోయింది.

మాస్టారు ఇప్పుడు లేరు. తన నమ్మకానికి అడ్డొచ్చే పుస్తకాన్ని ఒక కుర్రవాడి చేతిలో పెట్టడానికి ఎంత పెద్ద మనసుండాలో ఈ వయసులో తెలుస్తోంది. దాన్ని నేను తిరిగి ఇవ్వనేలేదు. ఈ స్వర్ణోత్సవాల సందర్భంగా మన బడి లైబ్రరీకి ఇస్తున్నాను. నాలాంటి ప్రశ్న అడిగే పిల్లలు ఎప్పుడూ ఉంటారు.